ఉప్పు తీసిన రోజు

చేయాల్సిన పనులు ఇవీ. అమ్మ కాల్చిన యాలకుల రొట్టెలు రెండూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకోవడం. ఏడింటికి గనిలోకి దిగే ఇనుప బోను అందుకోవడం. కిందకి దిగి, స్నానం చేసి, శుభ్రమైన బట్టలు వేసుకున్నాక, ప్రోగ్రాము మూసిపెట్టినది మూసిపెట్టినట్టే ఉందనీ, ఒక్క అక్షరం మారలేదనీ అందరి ముందూ చూపించడం. ప్రొఫెసర్ థిబో మాట్లాడుతుంటే మధ్యలో దూరకపోవడం. ఒరెస్ట్ మొహం వంక చూడకపోవడం. ఉప్పు తీశాక ఎన్ని మిగిలినా, అసలేమీ మిగలకపోయినా, ఏడవకపోవడం. పైకి రాగానే ముందు నాన్నకి ఫోన్ చేయడం.

ఐలా హకాలా తన అద్దింటి వంటింట్లో నిలబడి కాఫీ తాగుతూ ఇవన్నీ మనసులో ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు మాత్రం ఆ పనుల్లో సగం కూడా ఆమె చేతుల్లో లేకుండా పోయాయి.

టాల్టన్ ఊళ్లో హకాలా వాళ్లింట్లో ఐలాకి ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. తాత, నాన్న రైమో, ఇద్దరు పెదనాన్నలు, అందరూ నికెల్ గనిలో దిగినవాళ్లే. ఐలా కూడా ఆ గనిలోకే దిగుతోంది, ఆ బోనులోనే. కాకపోతే నికెల్ కోసం కాదు. రెండు కిలోమీటర్ల లోతున, రైమో కుర్రతనంలో తొలిచి వదిలేసిన ఒక పాత సొరంగం చివర, భౌతికశాస్త్రం వాళ్లు పెద్ద ట్యాంకు కట్టుకున్నారు. దాని నిండా గడ్డకట్టే చలిలో ద్రవంగా మారిన ఆర్గాన్. నక్షత్రాల గుంపులన్నిటినీ తన బరువుతో పట్టి ఉంచుతూ కంటికి మాత్రం కనబడని కృష్ణ పదార్థం ఒకటుంది కదా, దాని రేణువు ఎప్పుడైనా దారి తప్పి వచ్చి ఆ ద్రవంలో తగిలితే, మిణుగురులో వెయ్యో వంతు మెరుపు మెరుస్తుంది. ఆ ఒక్క మెరుపు కోసం కాపలా.

చిక్కేమిటంటే ట్యాంకులో మెరుపులకి కొదవ లేదు. గోడలోని రాయి మెరిపిస్తుంది, పైపులోని అతుకు మెరిపిస్తుంది. కోట్లాది మెరుపుల చెత్తలోంచి అసలుదాన్ని ఏరే ప్రోగ్రాము తయారుచేయడం ఐలా పని. ఆమె చేస్తున్న పిహెచ్‌డి సగం భౌతికశాస్త్రం, సగం కంప్యూటర్ శాస్త్రం. భౌతికశాస్త్రం వాళ్లు ఆమెని "కంప్యూటర్ల పిల్ల" అంటారు. కంప్యూటర్ భవనంలోకి వెళితే "ఆ గని పిల్ల వచ్చింది" అంటారు. ట్యాంకు పైపులూ పంపులూ చూసుకునే తోటి విద్యార్థి రెజాన్ అయితే, "రెంటికీ చెడ్డ రేవడివి నువ్వు. ఎవరింట్లో పెళ్లయినా నీకు పిలుపుండదు" అని ఏడిపించేవాడు.

ఈ ట్యాంకు వాళ్లకి ఒక ఆచారం ఉంది. వెతికేవాడికి ఆశ ఎక్కువ. ఆశ ఎక్కువైనవాడి కంటికి లేనిది కూడా కనబడుతుంది. అందుకని ఒక మనిషి, ఒకే ఒక్క మనిషి, వచ్చిపడుతున్న మెరుపుల్లో అచ్చం అసలుదానిలాగే ఉండే దొంగ మెరుపులు కొన్ని కలుపుతాడు. దాన్ని ఉప్పు వేయడం అంటారు. ఎన్ని వేశాడో, ఎప్పుడెప్పుడు వేశాడో ఇంట్లో భార్యకి కూడా చెప్పకూడదు. ఏరే ప్రోగ్రాము పూర్తయి, ఇక దీని మీద చెయ్యి వేయబోమని అందరూ మాటిచ్చాక, ఒక రోజు ట్యాంకు పక్కనే కూర్చుని ఉప్పు తీస్తారు. ప్రోగ్రాము ఏరిపెట్టినవాటిలోంచి ఆయన వేసినవి తీసేయగా మిగిలినదే అసలు. ఒకటి మిగిలితే ఒకటి, ఏమీ మిగలకపోతే ఏమీ లేదు. వచ్చింది వచ్చినట్టు లోకానికి చెప్పాలి. తరవాత సరిదిద్దుకోవడాలు ఉండవు.

ఇంకో నియమం కూడా ఉంది. ఫలితం ప్రకటించే వ్యాసం మీద వందమంది పేర్లున్నా ఉప్పు వేసిన మనిషి పేరు ఉండదు. ఫలితం ఎటు తేలినా అతనికి వచ్చేదీ పోయేదీ ఉండకూడదని. ఆరేళ్లుగా ఆ మనిషి ఒరెస్ట్ మెల్నిచుక్. ప్రొఫెసర్ థిబోతో కలిసి చదువుకున్న శాస్త్రవేత్త. ట్యాంకులోని వెలుతుర్ని అంకెలుగా మార్చే ఏర్పాటంతా ఆయన కట్టిందే. అంతా కట్టి పేరు వదులుకున్నారేమని ఎవరైనా అడిగితే, "మా ఆవిడ కూరలో ఉప్పెక్కువైందని మొహం మీద చెప్పే ధైర్యం ఈ ఊళ్లో నాకొక్కడికే ఉంది. అది చూసి నన్ను పెట్టారు" అనేవాడు.

ఐలాకి వేసవితో స్కాలర్‌షిప్ అయిపోతుంది. జూన్‌లో వైవా. ఉప్పు తీయగా వచ్చే ఫలితమే థీసిస్‌లో ఆఖరి అధ్యాయం. ఏమీ మిగలకపోయినా భయం లేదు. 'ఇంత వెతికాం, లేదు' అని నిక్కచ్చిగా చెప్పడం కూడా డాక్టరేట్‌కి సరిపోతుంది. రైమో అయితే అప్పుడే హాకీ ఆట దగ్గర పక్కవాళ్లందరికీ చెప్పేశాడు. "మా ఇంట్లో డాక్టరమ్మ. జ్వరాలకి మాత్రం పనికిరాదు" అని.

*

బోనులో ఎప్పటిలాగే భుజాలు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. గని పనివాళ్లు ముప్పైమంది, వాళ్ల మధ్య ట్యాంకు వాళ్లు అయిదారుగురు. రైమోతో పాతికేళ్లు కలిసి పనిచేసిన గస్ పెల్చా ఐలా పక్కనే ఉన్నాడు.

"ఏమ్మా రైమో కూతురా, మీ దయ్యం చిక్కిందా?"

"ఇవాళ తెలుస్తుంది గస్ బాబాయ్."

"ఎప్పుడడిగినా ఇదే మాట. మేమిన్నాళ్లు ఖాళీ బండి పైకి పంపితే ఆ మర్నాడే ఇంటికి పంపేవాళ్లు." చుట్టూ నవ్వారు. గస్ ముక్కు ఎగబీల్చాడు. "సంచిలో ఏమిటా వాసన?"

"అమ్మ రొట్టె. మీకు కాదు."

"దయ్యానికి నైవేద్యమా?"

"దొరికితే దానికి. దొరక్కపోతే మీకు."

"అయితే దొరక్కూడదని మొక్కుకుంటా" అన్నాడు గస్. మళ్ళీ నవ్వులు. బోను చీకట్లోకి జారింది. చెవులు దిబ్బెళ్లు పడ్డాయి.

కింద సొరంగంలో నడక, బూట్ల కడుగుడు, స్నానం, నీలం బట్టలు, తలకి వల టోపీ. ట్యాంకు దగ్గరికి గని దుమ్ము రవ్వంత కూడా రాకూడదు. ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా ఆ టోపీలో ఆసుపత్రి వంటవాడిలా కనబడతాడు. అలాంటి టోపీలు పదహారు భోజనాల గదిలో బల్ల చుట్టూ చేరాయి. గోడ మీద తెరలో వేరే ఊళ్లలో ఉన్నవాళ్ల మొహాలు. ఐలా రొట్టెలు బల్ల మధ్యన పెట్టింది. అవి ఉప్పు తీశాకే కోయాలి.

"ప్రోగ్రాము ఏరింది తొమ్మిది" అంది ప్రొఫెసర్ కార్మెల్ థిబో, తెరలోని వాళ్లకి వినబడేటట్టు. "అందులో ఉప్పెంతో ఒరెస్ట్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఐలా, చూపించు."

ఐలా చూపించింది. ఒక్క అక్షరం మారలేదు. అందరూ చూశామన్నారు.

"తొమ్మిదీ ఉప్పే. డోనట్ల డబ్బా పందెం" అన్నాడు రెజాన్ ఆమె చెవిలో.

"పందేలు పైన. కింద కాదు" అంది థిబో వెనక్కి తిరక్కుండానే. ఆవిడకి పాము చెవులు.

ఒరెస్ట్ కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు. తెర మీద తొమ్మిది వరసలు, ఆకుపచ్చగా. ఉప్పు అయిన వరస ఎర్రబడి మాయమవుతుంది, అసలుది అలాగే ఉంటుంది. ఆయన మీట నొక్కాడు.

మొదటిది ఎర్రబడలేదు. రెండోది ఎర్రబడలేదు. మూడోది. నాలుగోది. అయిదోది దాటేసరికి గదిలో ఊపిరి తీసే చప్పుడు ఆగిపోయింది. తొమ్మిదోది కూడా ఆకుపచ్చగా నిలిచింది.

ముందు ఎవరూ కదల్లేదు. తరవాత పెట్టిన కేకలకి పక్క గదిలో పంపు దగ్గరున్న మనిషి ప్రమాదమేమోనని పరుగెత్తుకొచ్చాడు. రెజాన్ ఐలాని నడుం దగ్గర పట్టుకుని గాల్లోకి ఎత్తేశాడు. తెరలో ఎక్కడెక్కడివాళ్లో లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. శబ్దం రాక వాళ్ల చేతులు మాత్రం కనబడుతున్నాయి. థిబో రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆవిడ భుజాలు అదురుతున్నాయి. తొమ్మిది! మనుషులు పుట్టిన దగ్గర నుంచి ఎవరూ చూడనిది తొమ్మిదిసార్లు ఈ రాతి కడుపులోకి వచ్చి తలుపు తట్టింది. ఆ తట్టుడు విన్నది తన ప్రోగ్రాము. ఐలా కాళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి. నాన్నకి ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అనుకుంటోంది.

చూడకూడదనుకున్న మొహం వైపు అప్పుడు చూసింది.

ఒరెస్ట్ లేవలేదు. చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కార్మెల్" అన్నాడు. ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచాడు. "కార్మెల్, అందరినీ కూర్చోమను."

"నువ్వే లేవయ్యా మహానుభావా! ఇవాళ కూడా కూర్చుంటావా?" ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

"కూర్చోమను."

ఆ మాట తీరుకి గది సద్దుమణిగింది. ఐలా కాళ్లు నేలకి ఆనాయి.

"నేను ముప్పై వేశాను" అన్నాడు ఒరెస్ట్.

"అయితే ఏమైంది? వీటిలో ఒక్కటి కూడా మీది లేదు కదా, అంటే అన్నీ అసలు..." రెజాన్ మాట మధ్యలోనే తెగిపోయింది. నోరు తెరిచే ఉంది.

అందరికీ ఒకేసారి అర్థం కాలేదు. గదిలో ఒక్కొక్కరి మొహమే ఆరిపోతూ వచ్చింది, గాలికి వరసగా దీపాలు పోయినట్టు. అచ్చం అసలుదానిలా ఉండే మెరుపులు ముప్పై ఆ ప్రోగ్రాము ముందు నుంచి నడిచి వెళ్లాయి. వాటిలో ఒక్కదాన్నీ అది పట్టలేదు. అసలుదాన్ని గుర్తుపట్టలేనిది పట్టుకున్న ఈ తొమ్మిదీ ఏమిటి మరి? ఏమైనా కావచ్చు. అసలుది మాత్రం కావడానికి వీల్లేదు.

కాళ్ల కింద భూమి కదిలిందంటారు. ఐలాకి నెత్తిన ఉన్న రెండు కిలోమీటర్ల రాయి కదిలినట్టయింది.

"ఉప్పు సరిగ్గా కలవలేదేమో" అన్నాడు తెరలోంచి ఒకాయన. ఆ మాటని అందరూ గడ్డిపోచలా పట్టుకున్నారు. "ఒరెస్ట్, నీ వైపే ఏదో తేడా ఉందేమో చూడు."

"అలా ఉంటే బాగుండును" అన్నాడు ఒరెస్ట్. మొదటి ఉప్పు ఎక్కడుందో వెతికి తెర మీద పెట్టాడు. మెరుపు నిక్షేపంగా ఉంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు, చటుక్కున లేచి మెల్లగా ఆరింది. కొత్తగా చేరిన విద్యార్థి కూడా వేలు పెట్టి చూపించగలడు.

"దీనికి నీ ప్రోగ్రాము ఎంతిచ్చింది ఐలా?" అని అడిగింది థిబో.

ఐలా రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి సరిగ్గా కొట్టింది. అసలుదైతే నూటికి నూరు దగ్గర రావాలి. వచ్చింది సున్నా. చివర ముక్కా చెక్కా కూడా లేని సున్నా. రెండో ఉప్పుకీ అంతే. మూడోదానికీ అంతే. చెత్తలోకెల్లా చెత్త మెరుపులకి కూడా ఆ ప్రోగ్రాము అయిదో పదో వేస్తుంది. వీటికి మాత్రం అదీ లేదు.

"ఇది చూడక వదిలేసినట్టు లేదు" అన్నాడు రెజాన్ మెల్లగా. "పగబట్టినట్టుంది."

ఆ మాటతో ఐలాకి తెలిసిపోయింది.

తెలిసినప్పుడు కేక రాలేదు. చెవుల్లో హోరు మొదలైంది. బల్ల మీద రొట్టెలు, వాటి మీద అమ్మ చల్లిన చక్కెర పలుకులు, చాలా దగ్గరగా, చాలా పెద్దగా కనబడ్డాయి.

ఇలాంటి ప్రోగ్రాముకి ఏమి వెతకాలో ఎవరూ చెప్పరు. రెండు కుప్పలు ముందు పోసి, ఇవి అసలు, ఇవి చెత్త, తేడా నువ్వే నేర్చుకో అంటారు. అసలు కుప్పని ఐలా కంప్యూటర్ మీద తయారుచేసింది. చెత్త కుప్పకి ట్యాంకులో నిజంగా వచ్చినవే పోసింది. అందులో ఒరెస్ట్ ఉప్పు కూడా ఉంటుందని తెలుసు. థిబోని అడిగింది కూడా. "కోట్లలో నాలుగు ఉప్పు గల్లులు. సముద్రంలో చెంచాడు వేస్తే ఏమవుతుంది?" అంది ఆవిడ. నిజమే. అక్కడితో ఆగి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఐలా ఆగలేదు. ప్రోగ్రాము కొన్ని చెత్త మెరుపుల్ని చూసి పదేపదే పొరబడుతోంది, ఇవి అసలువేనని మొండికేస్తోంది. శ్రద్ధగల పిల్ల కదా. చలికాలమంతా కూర్చుని, అది పొరబడ్డవాటినే ఏరి, వాటినే మళ్ళీ మళ్ళీ ముందు పెట్టి, కాదు, కాదు, ఇది కాదు అని వేలసార్లు నేర్పింది. చివరికి దాని మొండితనం వదిలింది. ఒక్క తప్పు కూడా చేయడం మానేసింది. ఆ రోజు ఐలా ఎంతో పొంగిపోయింది.

ప్రోగ్రాము మొండికేసింది నిజం కోసం. ఒరెస్ట్ వేసిన ప్రతి గల్లునీ అది గుర్తుపట్టింది. గుర్తుపట్టినందుకు ఆమె దానికి బెత్తం దెబ్బలు వేసింది.

"నేనే" అంది ఐలా. ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే నోరు పెగలదేమోనని భయమేసింది. "ఇది నేను చేసిన పని."

నిలబడే చెప్పింది మొత్తం. చెబుతుంటే గొంతు తనది కానట్టు, ఎవరో పక్క గదిలో చదువుతున్నట్టు వినబడింది. పూర్తయ్యాక థిబో, "చెత్త కుప్ప సంగతి నన్నడిగావుగా. నేను సరేనన్నాను" అంది.

"మీరు సరేనన్నది మొదటిదానికి. రెండోది మీకు చెప్పలేదు. బాగా పనిచేస్తోంది కదా అని చెప్పలేదు."

"అయితే దాని వైద్యం రెండు రోజుల పని" అన్నాడు తెరలోని ఆయన. "ఆ ముప్పైని కుప్పలోంచి తీసేసి మళ్ళీ నేర్పండి. మళ్ళీ ఏరించండి. జూన్‌కి జూన్, వైవాకి వైవా."

ఐలా ఆశగా థిబో వైపు చూసింది. థిబో తల అడ్డంగా ఊపింది, నెమ్మదిగా, తనకే ఎవరో వద్దని చెబుతున్నట్టు.

"చూసేశాం. ఏది ఉప్పో చూసేశాక సరిదిద్దితే అది వెతకడం కాదు, దాచుకున్నచోట తీసుకోవడం. ఈ మెరుపులు మనకిక చెల్లవు. కొత్తవి పట్టాలి."

"రెండేళ్లు పడుతుంది కార్మెల్."

"తెలుసు."

ఇంకొక సంగతి ఐలాకి అప్పుడు తట్టింది. అది తట్టాక మిగతాదంతా చిన్నదైపోయింది. "ఈ రెండేళ్లలో అసలుది నిజంగా వచ్చి ఉంటే..." అంది. మాట పూర్తి చేయాల్సి వచ్చింది. "అది కూడా ఉప్పులాగే ఉంటుంది కదా. ప్రోగ్రాము దాన్నీ పట్టి ఉంటుంది. నేను దాన్ని కూడా కాదని నేర్పి ఉంటాను."

పంపు చప్పుడొక్కటే వినబడుతోంది.

గనిలో ఒక కష్టం ఉంది. పైనైతే ఇలాంటప్పుడు మనిషి తలుపు తీసుకుని బయటికి పోవచ్చు. కింద పోవడానికి చోటు లేదు. పైకి వెళ్లే బోను మూడింటిదాకా రాదు. వల టోపీలు పెట్టుకుని పదహారుమంది ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేక అక్కడే కూర్చున్నారు. తెరలోని మొహాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చాలాసేపటికి ఒరెస్ట్ లేచి కత్తి తెచ్చాడు.

"ఏంటిది?" అంది థిబో.

"రొట్టె ఏం పాపం చేసింది?" అన్నాడు. కోసి అందరి ముందూ తలో ముక్క పెట్టాడు. తిన్నారు. ఐలా కూడా తింది.

*

సొరంగంలో వెనక్కి నడిచేటప్పుడు ఒరెస్ట్ ఆమె పక్కన నడిచాడు. ఇద్దరి టోపీ దీపాలూ బురదలో ముందుకు పాకుతున్నాయి.

"చలికాలంలోనే మీరు నా పని చూసి ఉంటే..." అంది ఐలా.

"చూస్తే అప్పుడే చెప్పేవాణ్ణి తల్లీ. మీరు ఏరేది నేను చూడకూడదు, నేను వేసేది మీరు చూడకూడదు. ఆ గోడ మనం కట్టుకున్నదే. ఇవాళ దానికే తలకాయ కొట్టుకున్నాం."

కొంత దూరం నడిచాక ఆయనే అన్నాడు. "మీరంతా గంతులేస్తున్నప్పుడు నేను వెంటనే చెప్పలేదు, గమనించావా?"

"లేదు."

"అర నిమిషం ఊరుకున్నా. దాచాలని కాదు. కార్మెల్ ఏడవడం ఇన్నేళ్లలో నేను చూడలేదు. నిన్ను ఆ పిల్లవాడు గాల్లోకి ఎత్తాడు. నేను నోరు విప్పితే నువ్వు కింద పడతావు. ఇంకొక్క క్షణం పైన ఉండనీ అనిపించింది." దగ్గాడు. "తప్పే. వెంటనే చెప్పాల్సింది."

ఐలా ఆయన చేతి సంచి తీసుకుని తను మోసింది.

బోనులో గస్ పెల్చా ఎదురయ్యాడు. మసిమొహంలో పళ్లు మాత్రం తెల్లగా మెరిశాయి. "ఏమ్మా, చిక్కిందా? రొట్టె నాదేనా?"

"చిక్కలేదు బాబాయ్. రొట్టె అయిపోయింది. తప్పు నాదే. రెండేళ్ల పని పోయింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. బోను కదిలింది.

"మీ నాన్న కూడా" అన్నాడు గస్, పైకి చూస్తూ. "ఒకసారి తొలిచే దారికి గుర్తు తప్పుగా పెట్టి, చలికాలమంతా మమ్మల్ని నికెల్ లేని వైపుకి తొలిపించాడు. ఒట్టి రాయి. ఫోర్‌మన్ తిట్టిన తిట్లు పొలిమేర దాకా వినబడ్డాయి."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"ఎందుకు చెబుతాడు? ఇప్పుడు మీరు ట్యాంకు పెట్టుకుంది ఆ బొరియలోనే."

ఐలా ఆయన మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదు. పాతికేళ్ల నుంచి తెలిసిన మాటని అప్పుడే గుర్తొచ్చి చెప్పినట్టు చెప్పాడు. ఒక్క రోజులో మనిషి ఎన్నిటికి నిర్ఘాంతపోగలదు?

పైకి వచ్చాక ఫోన్ చేయలేదు. అమ్మానాన్నల ఇంటికి నడిచింది. రైమో పెరట్లో ఆవిరి స్నానాల గది పొయ్యికి కట్టెలు కొడుతున్నాడు. మంచి రోజని పొద్దుటి నుంచే వేడి చేస్తున్నాడు. కూతుర్ని చూసి గొడ్డలి దించాడు.

"రావమ్మా డాక్టరమ్మా."

"ఈ ఏడాది కాదు నాన్నా." చెప్పగలిగినంత చెప్పింది. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. అడ్డు మాత్రం రాలేదు.

"రెండేళ్లా?" అన్నాడు చివరికి.

"రెండేళ్లు. డబ్బులు కూడా రావు. మధ్యలో ఏదైనా పాఠాలు చెప్పుకోవాలి."

రైమో ఒక కట్టె తీసి నిలబెట్టాడు, కొట్టలేదు. "నీ గది అలాగే ఉంది" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది ఐలా. కట్టెల కుప్ప మీద కూర్చుని, కోటు కూడా విప్పకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలో, "నువ్వు తప్పు వైపు తొలిచావటగా" అని అడిగింది. రైమో మొహం కందగడ్డ అయింది. "ఆ గస్ గాడి నోట్లో ఏదీ ఆగదు" అన్నాడు.

*

కొత్త మెరుపులు పట్టడానికి రెండేళ్లు కాదు, రెండున్నర పట్టింది. ఆ మధ్యలో ఐలా ప్రోగ్రాముకి మళ్ళీ మొదటి నుంచీ నేర్పింది. ఈసారి అది మొండికేసినప్పుడల్లా కొట్టడం మాని, ఎందుకు మొండికేస్తోందో రాసిపెట్టుకుంది. ప్రోగ్రాము నిజాన్ని ఎలా మరిచిపోతుందో అన్నదే థీసిస్‌లో ఒక అధ్యాయమైంది. ఆ అధ్యాయం చదివి ఇంకో రెండుచోట్ల వాళ్లు తమ కుప్పలు తిరగేసి చూసుకున్నారని విన్నారు.

ఒరెస్ట్ చివరిదాకా కొత్త మెరుపుల్లోనూ ఉప్పు వేశాడు. పదవీ విరమణ చేస్తూ ఆ పని ఇంకొకరికి అప్పగించాడు. ఆ శరదృతువులో, సరస్సు మీద పడవలో గాలం వేసుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గాలానికి చేప ఉందట. రెజాన్ ఆ సంగతి చెబుతూ నవ్వబోయి ఏడ్చాడు.

ఆ తరవాతి వసంతంలో మళ్ళీ బల్ల చుట్టూ వల టోపీలు చేరాయి. మళ్ళీ యాలకుల రొట్టెలు. ఐలా ప్రోగ్రాము ఏరినవాటిలో మొదటిది ఎర్రబడింది, మాయమైంది. రెండోదీ ఎర్రబడింది. ఒకదాని తరవాత ఒకటి, అన్నీ. ఒరెస్ట్ వేసినవాటిలో దాని చేతికి చిక్కనివి రెండే రెండు. ఉప్పంతా తీశాక తెర మీద ఏమీ మిగల్లేదు. ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు. థిబో ఐలా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. వెతికాం, లేదు. ఇప్పుడు ఆ మాట చెప్పే హక్కు ఉంది వాళ్లకి.

ఐలా మాత్రం ఖాళీ అయిన తెర వంకే చూస్తూ ఉండిపోయింది. రాతి కింద, అంత చీకట్లో, ఇన్నేళ్లలో ఆమె గుర్తుపట్టిన మెరుపులన్నీ ఒక్క మనిషి వేసినవే. ఆ మనిషి ఇక లేడు.

జూన్‌లో ఆమె డాక్టర్ హకాలా అయింది. ఆ ఫలితం చెప్పిన వ్యాసం మీద నూట పన్నెండు పేర్లున్నాయి, ఆమెది కూడా ఉంది. నియమం నియమమే కాబట్టి ఒకటి లేదు. ఎప్పుడైనా ఎవరైనా 'ఇంత వెతికాం, లేదు' అని ధైర్యంగా చెప్పడం మీరు వింటే, ఆ మాటని నమ్మదగ్గదిగా చేసిన వాడొకడు వెనక ఉంటాడని అనుకోండి. ఇక్కడ ఆయన పేరు ఒరెస్ట్ మెల్నిచుక్. ఎక్కడా రాసి లేదు కనక, మీరు గుర్తుపెట్టుకోండి.